తొలి నోరు

గట్టు కట్టిన అరవయ్యో ఏడు, 31వ రోజు

ఈ పుస్తకం నాకిచ్చింది యంత్రాల మరమ్మతులు రాయడానికి. ఏ బొమ్మకి ఏ మర వదులైంది, ఎవరి కళ్లద్దాలకి గీత పడింది, నూనె ఎప్పుడు వేశాం, అంతే. పెద్ద డాక్టరు వేదవల్లి గారు నెలకోసారి అడుగున సంతకం పెడతారు గానీ పైన చదవరు. ఆ ధైర్యంతోనే నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తూంటాను.

ఈ రోజు పని: మూడో నంబరు బొమ్మ నాలుక ఇరుక్కుంది. ఊడదీసి, కడిగి, మళ్లీ బిగించాను. రబ్బరు నాలుకలు కడిగి కడిగి నా భార్య నాలుకంటే వీటి నాలుకలే నాకు బాగా తెలుసు. ఆమె ఉన్నన్నాళ్లూ ఈ మాటకి నవ్వేది.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మా దంతాల బడిలో తొమ్మిది బొమ్మలున్నాయి. మెడ దాకానే ఉంటాయి. విద్యార్థి అద్దాలు పెట్టుకుంటే ఆ రబ్బరు మొహం మీద నిజం నోరు కనిపిస్తుంది, ఉమ్ముతో సహా. పన్ను ఉండదు, ఉన్నట్టు కనిపిస్తుంది. చేతిలోని పనిముట్టుని ఆ లేని పంటికి ఆనిస్తే వెనకాల మోటారు ఎదురొత్తుతుంది. ఎంత ఒత్తాలన్నది ఒక అంకె. అది నూరు. మొదట ఎవరు పెట్టారో, అప్పట్నుంచీ నూరే.

నేను డాక్టర్ని కాను. కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాణ్ణి. అక్షరాలు కూడా మిషను పెట్టెల మీద అచ్చు చూసి కూడబలుక్కున్నవే. కుట్టుమిషనుకీ పంటికీ ఏమిటి సంబంధమని పన్నెండేళ్ల కిందట ఈ ఉద్యోగంలో చేరిన రోజున అడిగారు. దారం బిగువు సంబంధమని చెప్పాను. బిగువు ఎక్కువైతే గుడ్డ ముడతలు పడుతుంది, తక్కువైతే కుట్టు ఊడిపోతుంది. అది కంటికి కనపడదు, వేలికే తెలుస్తుంది. ఉద్యోగం ఇచ్చారు.

34వ రోజు

పక్కింటి గౌరునాయుడు బుగ్గ వాచిపోయి వచ్చాడు. పాతికేళ్లవాడు, సముద్రపు నీళ్లు కడిగి తాగేనీళ్లు చేసే చోట పని. సముద్రానికి గట్టు కట్టినప్పట్నుంచీ ఊరంతా తాగేది ఆ నీళ్లే. పుచ్చుపన్ను బాగుచేయించుకుందామని కిందటేటి మొదటి ర్యాంకు డాక్టరు దగ్గరికి వెళ్లాడట. డాక్టరు పెట్టిన తొలిచే మర పంటిని రెండు చెక్కలు చేసింది.

"నువ్వు కదిలావేటిరా?" అన్నాను.

"అందరూ అదే అడుగుతున్నారు తాతా. కుర్చీకి నన్ను కట్టీసినట్టు కూకున్నాను. నాను కదల్లేదు."

"కదలకపోతే ఎందుకు విరుగుద్ది?"

"ఆ డాక్టరుబాబుని దీవించింది నువ్వే కదా. నువ్వే సెప్పు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ఊళ్లో కొత్త డాక్టరు ముందుగా పెద్దవాళ్ల నోట్లోనే చెయ్యి పెట్టాలి. డెబ్భై దాటిన పదిమంది. దీన్ని తొలి నోరు అంటాం. చిన్నవాళ్లతో మొదలెడితే చెయ్యి అచ్చిరాదనీ, పెద్దల నోటి మాటతోనే చెయ్యి కుదురుతుందనీ నమ్మకం. మెళ్లో కాగితప్పూల దండ వేసి కూర్చోబెడతారు. పని అయ్యాక పెద్దాయన లేచి డాక్టరు తల మీద చెయ్యి పెట్టి "నొప్పి తెలీలేదు" అనాలి. మొదటిది బాగా రాకపోతే మిగిలిన తొమ్మిదిమందీ కూర్చోరు. పదింటిలో ఎనిమిది బాగా వస్తే డాక్టరు బిళ్ల చేతికిస్తారు. నేను ఇప్పటికి ఆరుసార్లు కూర్చున్నాను. ఏ పంటిలో ఎవరి చేతిపని ఉందో నాలుకతో తడిమి చెప్పగలను. కిందటేటి ర్యాంకు డాక్టరు పని కుడివైపు పైన ఉంది. నా నోట్లో అంత నున్నటి పని ఇంకొకటి లేదు.

గౌరునాయుడు విరిగిన ముక్కని కాగితంలో చుట్టి తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చావంటే "పారేయడానికి మనసు రాలేదు" అన్నాడు. అది నాకిచ్చి వెళ్లాడు.

35వ రోజు

ఆ ముక్కని చిన్న పట్టకారులో బిగించి కుడిచేత్తో గీకాను. ఎడమచేత్తో ఖాళీగా ఉన్న ఎనిమిదో నంబరు బొమ్మ పంటిని గీకాను. రెండు చేతులూ ఒక్క మాట చెప్పడం లేదు. గౌరునాయుడి ముక్క సుద్దలా రాలుతోంది. బొమ్మ పన్ను రాయిలా ఉంది. అంకె తగ్గించుకుంటూ వెళ్లాను. తొంభై, ఎనభై, డెబ్భై. రెండు చేతులూ ఒప్పుకున్నది యాభై ఎనిమిది దగ్గర.

నాకు తోచింది ఒకటే. పన్నెండేళ్లుగా మోటార్లు బిగుసుకుపోయాయి, నేను కనిపెట్టలేదు. నూనె తక్కువ వేశానో, తప్పు నూనె వేశానో. గౌరునాయుడి పన్ను విరగ్గొట్టింది నేనే. వేదవల్లి గారికి చెప్పేముందు ఒక బొమ్మ మీద సరిచేసి చూద్దామనుకున్నాను.

36వ రోజు

ఆరో నంబరు బొమ్మకి అంకె యాభై ఎనిమిది పెట్టాను. మరమ్మతు కింద రాస్తున్నాను: ఆరు, నూనె వేయబడింది.

ఆరో నంబరు మీద నేర్చుకునేది పైడితల్లి. ఉప్పు వరస పిల్ల. ఉప్పు వరస అంటే సముద్రపు నీళ్లు కడిగే జల్లెడల మీద పేరుకున్న ఉప్పుని గోకి బతికేవాళ్ల ఇళ్లు. వాళ్ల వరస నుంచి ఈ బడికి వచ్చింది ఇంతవరకూ ఈ ఒక్కతే. వాళ్లకి ముప్పై దాటితే ముందు పళ్లు ఉండవు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ఆ వరసలో పసిపిల్లలకి కూడా ఉంది, పళ్లున్నా సరే, పెద్దవాళ్లని చూసి.

71వ రోజు

పని: ఏడో నంబరు దీపం మార్చాను.

పైడితల్లి మిగతావాళ్లు వెళ్లినా కూర్చుని ఉంది.

"తాతా, నా బొమ్మకి ఏటి సేసావు?"

"ఏటమ్మా?"

"ముందు రాయిని తవ్వినట్టుండేది. ఇప్పుడు పన్నుని తవ్వినట్టున్నాది."

"నీకెలా తెలుసు పన్ను ఎలాగుంటుందో?"

"మా అమ్మకి పుచ్చు నెప్పి ఎత్తితే గుండుసూదితో గోకుతాను కదేటి. చిన్నప్పట్నుంచీ నా పనే. మా వరసలో డాక్టరు దగ్గరికి ఎవులెల్తారు? ఎల్తే పన్ను ముక్కలతో వస్తారు."

అప్పుడు ఉన్నదంతా చెప్పాను. గౌరునాయుడి ముక్కా, యాభై ఎనిమిదీ, నా నూనె తప్పూ.

"మార్చకు. అలాగే ఉండనీ," అంది. "బిళ్ల రాగానే ముందు మా అమ్మ పుచ్చుపళ్లు బాగుచేస్తాను. తరవాత వరసంతా."

వేదవల్లి గారికి చెప్పే పని వాయిదా వేశాను. పైడితల్లి చెయ్యి బాగుందని రుజువు చూపించి, అప్పుడు అన్ని బొమ్మలకీ అడుగుదామని నా ఎత్తు.

118వ రోజు

ఈ పిల్ల చెయ్యి చూడాలి. మా రోజుల్లో సిల్కు గుడ్డ మీద జరీ కుట్టేవాడొకడు ఉండేవాడు. సూది గుడ్డని పొడిచేది కాదు, గుడ్డే సూదికి దారి ఇచ్చినట్టుండేది. వాడి పేరు గుర్తులేదు గానీ ఆ మణికట్టు గుర్తుంది. పైడితల్లికి అదే మణికట్టు. బొమ్మ ఈ వారమంతా ఆమెకి నూటికి తొంభై ఏడు మార్కులిచ్చింది. గుంట ఎంత లోతు, అంచు ఎంత నున్నన అన్నదే బొమ్మ లెక్క. ఎంత బలం పెట్టావని అడగదు.

140వ రోజు

ఈ రోజు పైడితల్లి తొలి నోరు. ఎవరు కావాలని అడిగితే నా పేరు చెప్పింది. "నీ నోరైతే నాకు బెంగుండదు తాతా" అంది. నేను పొంగిపోయి దండ వేయించుకుని కూర్చున్నాను. ఎడమవైపు కింది దవడపన్ను. చిన్న పుచ్చు. ఏ డాక్టరుకైనా పావుగంట పని.

ఆమె మొదలుపెట్టింది. చిట్టెలుక కాగితం గీకుతున్నట్టు సన్నటి చప్పుడు. నొప్పి లేదు. కుర్చీలో కళ్లు మూసుకుని ఎంత హాయిగా ఉందీ అనుకున్నాను. పావుగంట అయింది. అరగంట అయింది. దవడ పీకుతోంది. గీకుతూనే ఉంది. కళ్లు తెరిచి చూస్తే ఆ పిల్ల నుదుటి నుంచి చెమట కారుతోంది. మర పంటి మీద జారుతోంది గానీ దిగడం లేదు.

అప్పటికి గాని నా మట్టిబుర్రకి వెలగలేదు. గట్టు కట్టేనాటికి నాకు పదమూడేళ్లు. నా పళ్లు బావి నీళ్లు తాగి మొలిచిన గట్టి పళ్లు. గౌరునాయుడివి పుట్టుకతోనే కడిగిన నీళ్లు తాగిన మెత్తటి పళ్లు. ఏ మోటారూ బిగుసుకోలేదు. ఆ నూరు పెట్టినవాళ్లు ఎవరి నోళ్లు చూసి పెట్టారో వాళ్లంతా నాలాంటివాళ్లు. తొలి నోటికి పిలిచే పదిమందీ కూడా నాలాంటివాళ్లే. అందుకే పన్నెండేళ్లలో దండ వేసిన కుర్చీలో ఒక్క పన్నూ విరగలేదు. విరిగేవన్నీ ఆ తరవాతే.

నోట్లో దూది, గొట్టం. ఏం చెప్పగలను? చెయ్యి ఎత్తాను. నొప్పి పుట్టిందనుకుని ఆమె ఇంకా తేలిక చేసింది.

"ఆపమ్మా," అన్నారు వేదవల్లి గారు. అద్దం పెట్టి చూశారు. "పుచ్చు పుచ్చులాగే ఉంది. సగం కూడా రాలేదు."

నేను లేచి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి "నొప్పి తెలీలేదు" అన్నాను. నిజమే. ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంకొక్క అవకాశం, నలభై రోజుల తరవాత. అదీ పోతే ఉప్పు వరసకి తిరుగుముఖం.

141వ రోజు

వేదవల్లి గారి గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"నాయుడుగారూ, ఈ బొమ్మలొచ్చాక డెబ్భైమందిని డాక్టర్లని చేశాం. తొలి నోళ్లలో ఎన్ని పళ్లు విరిగాయి?"

"ఒక్కటీ లేదండి. అదేనండి నేను చెప్పేది. మీరు ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టి చూడండి."

"కూర్చోబెట్టాననుకోండి. విరిగిందనుకోండి. మీ మాట నిజమని తేలుతుంది. ఆ డెబ్భైమందిని ఏం చెయ్యమంటారు? ఊళ్లో ఉన్న డాక్టర్లు వాళ్లే. రేపు పొద్దున పంటి నొప్పితో వచ్చేవాణ్ణి ఎవరి దగ్గరికి పంపను?"

"మళ్లీ నేర్పండి."

"నేర్పేవాళ్లెవరు? చేత్తో నేర్పే ఆఖరాయన పోయి ఆరేళ్లయింది. నాకా, చెయ్యి వణుకు."

ఆవిడ తన బుగ్గని వేలితో పక్కకి లాగి చూపించారు. వెనకాల ఆరు పళ్లు లేవు. ఆవిడ గట్టు కట్టాక పుట్టిన మనిషి.

"అన్నీ నా విద్యార్థుల చేతుల్లో పోయినవే," అన్నారు. "ప్రతిసారీ నేనే కదిలాననుకున్నాను."

నేను లేచాను. తలుపు దాకా వెళ్లాక అన్నారు: "ఆ అమ్మాయిని ఈసారి కాస్త గట్టిగా చెయ్యమనండి."

143వ రోజు

మిగిలిన పెద్దవాళ్లయినా కుర్చీ ఎక్కకపోతే వ్యవహారం ఆగుతుందనుకున్నాను. గట్టు మెట్ల మీద టీ తాగుతున్న లచ్చయ్యని పట్టుకున్నాను. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఒకప్పుడు పడవ నడిపేవాడు. ఇప్పుడు నడపడానికి ఏమీ లేదు.

"ఈసారి పిలిస్తే వెళ్లకు లచ్చయ్యా."

"ఎందుకెల్లనూ?"

చెప్పాను. అంతా విన్నాడు. అర్థమైంది కూడా.

"ఒరే ఎర్రినాయుడూ, మా ఇంట్లో నన్ను పలకరించేవోడు లేడు. మనవడు నా మంచం మీద బట్టలారేస్తాడు. ఏడాదికి రెండుసార్లు ఆ బడోళ్లు బండి పంపుతారు. దండేస్తారు. అంత సదువుకున్న పిల్లలు నా కాళ్లకి దండం పెడతారు. అది కూడా తీసేస్తే ఇంకేటుంది నాకు?"

"పిల్లల పళ్లు విరుగుతున్నాయిరా."

"నాకు ముప్పై రెండూ ఉన్నాయి," అని పళ్లు చూపించి నవ్వాడు. నాకు కోపం రాలేదు. ఏడుసార్లు ఆ దండ నేనూ వేసుకున్నాను.

146వ రోజు

పైడితల్లి వచ్చి ఆరో నంబరు దగ్గర నించుంది. కూర్చోలేదు.

"నూరు పెట్టీ తాతా."

"పెడితే నీ చెయ్యి పోతుంది."

"పెట్టకపోతే నేనే పోతాను. ఉప్పు గోక్కుంటా ఈ చేతిని ఏం సేసుకోను?"

"పెద్దాళ్ల నోటికి ఒక బలం, చిన్నాళ్ల నోటికి ఒక బలం. రెండూ పెట్టుకోలేవా?"

"పెట్టుకుంటాను. ముందు బిళ్ల రానీ. బిళ్లొచ్చాక లోపల మార్చుకుంటాను. మార్చుకోలేనా?"

మార్చుకోగలవన్నాను. అబద్ధమాడానో, నమ్మానో ఇప్పుడు చెప్పలేను. గట్టి జీన్సు గుడ్డ కుట్టేవాడికి నెల తరవాత సిల్కు ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ అంకె తిప్పాను. మరమ్మతు: ఆరు, నూరు.

163వ రోజు

మొదటి వారం ఆ పిల్ల రోజూ ఏడ్చింది. మర దిగేది కాదు. రెండో వారం భుజంతో తొయ్యడం మొదలెట్టింది. ఈ రోజు మార్కులు తొంభై. మధ్యాహ్నం క్యారేజీ మూత తీస్తూంటే చూశాను. ఇదివరకు రెండు వేళ్లతో తీసేది. ఈ రోజు మూత వంగిపోయింది. ఆమె చూసుకోలేదు.

180వ రోజు

రెండోసారి తొలి నోరు. నేను వెళ్లనన్నాను. లచ్చయ్య వెళ్లాడు. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. తరవాత తొమ్మిదిమందీ వరసగా కూర్చున్నారు. పదికి పది. ఈ బడిలో ఇంతవరకూ పదికి పది నలుగురికే వచ్చిందని వేదవల్లి గారు అందరి ముందూ చెప్పారు. లచ్చయ్య దండతోనే గట్టు మెట్ల దాకా నడిచి వచ్చాడు, దారిలో అందరూ చూసేలాగ.

పైడితల్లి బిళ్ల చూపించడానికి వచ్చింది. నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

184వ రోజు

ఉప్పు వరస నుంచి కబురొస్తే వెళ్లాను. పైడితల్లి ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. లోపల వాళ్లమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పడుకుంది.

"రెండు పోయాయి తాతా," అంది. "ఒకటి విరిగింది. భయపడి చెయ్యి తీసేసరికి పక్కది విరిగింది."

నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను.

"తేలిక చేద్దామనే అనుకున్నాను. మనసులో యాభై ఎనిమిది, యాభై ఎనిమిది అనుకుంటానే ఉన్నాను. చెయ్యి వినలేదు."

లోపలి నుంచి వాళ్లమ్మ గుడ్డ చాటున ఏదో అంది. రెండోసారికి నాకు తెలిసింది. "నానే కదిలినాను బాబూ, దాన్ని ఏటీ అనకండి," అంటోంది.

పైడితల్లి లేచి వీధి చివరిదాకా నడిచి వెళ్లిపోయింది.

201వ రోజు

పని: రెండు, ఐదు నంబర్లకి కొత్త అద్దాలు.

పైడితల్లి ఆ తరవాత ఏ నోరూ ముట్టుకోలేదట. బిళ్ల ఉన్న డాక్టరు ఊరికే కూర్చుంటే కుదరదని రెండుసార్లు కాగితం వచ్చింది. మూడో కాగితానికి ఆమె జవాబు రాసింది: పదికి పది వచ్చినవాళ్లని బడిలో పంతులుగా తీసుకోవచ్చన్న పద్ధతి ఉంది కాబట్టి తనని తీసుకోమని. వేదవల్లి గారు వెంటనే ఒప్పుకున్నారు.

నేను సంబరపడ్డాను. ముసలితనంలో ఆశ ఎంత సులువుగా పుడుతుందో.

"ఇప్పుడు మన చేతుల్లో ఉంది కదమ్మా," అన్నాను. "తొమ్మిదింటికీ యాభై ఎనిమిది పెట్టేస్తాను. ఎవరికీ తెలీదు."

"పెడితే తొమ్మిదిమందీ తొలి నోట్లోనే తప్పుతారు. నాలాగ. రెండోసారీ తప్పుతారు. ఇళ్లకి పంపేస్తారు."

"నూరు ఉంచితే?"

"నెగ్గుతారు."

"నెగ్గి?"

ఆమె నా వైపు చూడలేదు. "నా చేత్తో నేను ఎవురివీ విరగ్గొట్టను తాతా. అంతవరకే నాకు సేతనవును. మరి నన్నడక్కు."

202వ రోజు

కొత్త బ్యాచి మొదలైంది. తొమ్మిది బొమ్మలకీ నూనె వేశాను. తొమ్మిదింటికీ అంకె నూరని సరిచూసి రాస్తున్నాను.

పిల్లలు అద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. తొలిరోజు కదా, అంటీ అంటనట్టు గీకుతున్నారు. ఆరో నంబరు దగ్గర ఒక పిల్ల, వరస ఏదో తెలీదు, మరని ఎంత సుతారంగా పట్టుకుందంటే నేను నూనె డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పైడితల్లి ఆ పిల్ల వెనక్కి వచ్చి ఆగింది. చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఆ పిల్ల మణికట్టు మీద తన చెయ్యి వేసి, బడిలో మాట్లాడే మర్యాద భాషలో, అందరికీ వినపడేలా చెప్పింది.

"భయపడకండి. ఇంకొంచెం నొక్కండి."